జంషీద్ నామధేయులు

సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమము చెంత, నేటి ఝార్ఖండు రాష్ట్రమునందలి పూర్వసింగ్‌భూమ్ జిల్లాలో జంషెడ్‌పూర్ పట్టణమున్నది. అచ్చటికి పోవు తెలుగువాడు రైలు దిగునది టాటానగర్ స్టేషనులో. చేరునది జంషెడ్‌పూర్ పట్టణము. ఒకే మనుష్యుని యింటిపేరు స్టేషనునకును, పెట్టినపేరు పట్టణమునకును సంక్రమించినవి. ఆ మనుష్యుడు జంషెట్జీ నసర్వాన్‌జీ టాటా. 1839 మొదలు 1904 వరకు జీవించిన యీ పార్శీ వర్తకుడు తన పేరు మోయుచున్న పట్టణమును కన్నులార చూడలేదు. అతడు మరణించిన మూడేండ్లకు గాని ఉక్కు కంపెనీ యేర్పడలేదు. పదునైదేండ్లకు గాని పట్టణమునకు ఆ పేరు రాలేదు.

పేరు పెట్టుట మన దేశములో తేలికపనిగా ఎన్నడును ఎంచబడలేదు. తాత పేరు మనుమనికి పెట్టుటలో తాత గుణములు మనుమనికి రావలెనను ఆశ కలదు. దేవుని పేరు బిడ్డకు పెట్టుటలో, బిడ్డను పిలిచినప్పుడెల్ల దేవుని పిలిచినట్లగునను నమ్మకము కలదు. అజామిళుని కథ నెరిగిన తెలుగువారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. అయితే పేరుతోపాటు గుణము కూడ వచ్చునా? ఒకే పేరు పెట్టుకొన్నవారు ఒకే త్రోవను నడచుదురా? ఈ ప్రశ్నను జంషీద్ అను నామమునకు వేసి చూచినచో చరిత్ర చెప్పు సమాధానము విచిత్రముగా నున్నది. ఈ పేరిట ఒక గణితశాస్త్రవేత్త కలడు. ఒక గోలకొండ సుల్తాను కలడు. నల్లమందు వ్యాపారమున ధనమార్జించి ఆసుపత్రులు కట్టించిన యొక దాత కలడు. ఒక పరిశ్రమాధిపతి కలడు. ఒక పురపాలక సంఘాధ్యక్షుడు కలడు. వీరందరికిని ముందు, పేరునకు మూలపురుషుడైన పురాణపురుషు డొకడు కలడు. అతనితోనే యీ చరిత్రను ప్రారంభింపవలెను.

జంషీద్ అనునది రెండు పదముల కూడిక. ప్రాచీన పారసీకుల మతగ్రంథమగు అవెస్తాలో ఈ పేరు ‘యిమ క్షయేత’ అని యున్నది. కాలక్రమమున యకారము జకారమై, చివరి యక్షరములు లోపించి, ‘జమ్’ అనియు ‘షేద్’ అనియు మారినది. క్షయేత శబ్దమునకు ప్రకాశవంతుడని కొందరును, పాలకుడని కొందరును పండితులు అర్థము చెప్పిరి. ఇక యిముడు వేదమునందలి యముడే. వేదమున యముడు వివస్వంతుని కుమారుడు. అవెస్తాలో యిముడు వివంహ్వంతుని కుమారుడు. ఇంద్రుడు మొదలైన కొందరు దేవతలు పారసీకుల కడ దుష్టశక్తులుగా మారిరి. యముడు మాత్రము ఉభయులకును పూజ్యుడుగా, అయినను భిన్నరూపములతో మిగిలెను. ఋగ్వేదమున యముడు మృతినొందినవారిలో మొదటివాడు. పరలోకమునకు పోవు దారిని కనుగొని పితృదేవతలకు రాజైనవాడు. తెలుగు నాటకములలోను హరికథలలోను కానవచ్చు దున్నపోతు, పాశము, చిత్రగుప్తుని చిట్టా తరువాతి కాలమున వచ్చి చేరినవి.

అవెస్తాలోని యిముడు మృతుల రాజు కాడు, బ్రదికియున్నవారి రాజు. అతని యేలుబడిలో చలి లేదు, వేడి లేదు, ముసలితనము లేదు, చావు లేదు. ప్రజలును పశువులును పెరిగి భూమి చాలకపోగా అతడు భూమిని మూడుమారులు విశాలము చేసెను. పిమ్మట ఘోరమైన శీతకాలము రానున్నదని పరమేశ్వరుడగు అహురమజ్దా హెచ్చరింపగా, ‘వర’ యను నొక పెద్ద ప్రాకారమును నిర్మించి, మనుష్యులలోను పశువులలోను వృక్షములలోను మేలైనవాని బీజములను అందులో దాచి కాపాడెను. మట్టిని కాళ్లతో త్రొక్కి చేతులతో పిసికి ఆ కోటను కట్టవలసినదిగా వచ్చిన ఆజ్ఞ వెండిదాదు గ్రంథమున కలదు. పారసీక సంప్రదాయమున జంషీద్ అను పేరు మొట్టమొదటనే నివాసనిర్మాణముతో ముడిపడి యున్నదని దీనివలన తెలియుచున్నది.

ఈ కథను క్రీస్తుశకము 1010 ప్రాంతమున ముగిసిన షాహ్‌నామా మహాకావ్యమున ఫిర్దౌసి కవి విస్తరించెను. అందులో జంషీద్ ఏడువందలేండ్లు రాజ్యమేలినవాడు. మొదటి యేబదియేండ్లలో అతడు ఇనుమును మెత్తపరచి శిరస్త్రాణములు, కవచములు, కత్తులు చేయుట నేర్పెను. పిదప వడకుట, నేయుట నేర్పెను. ప్రజలను వారివారి వృత్తులనుబట్టి నాలుగు తరగతులుగా ఏర్పరచెను. దేవ్‌లు అనబడు రాక్షసులచేత మట్టిని నీటితో కలిపించి ఇటుకలు చేయించి గోడలు కట్టించెను. రత్నములు, పరిమళములు, ఔషధములు, ఓడలు అతనివలననే లోకమునకు వచ్చినవట. నౌరోజు పండుగ కూడ అతని సింహాసనారోహణోత్సవమునుండియే పుట్టినదని ఆ కావ్యము చెప్పును.

ఇంత చేసినవాడు తుదకు ఒక మాట యాడెను. లోకమున నున్నదెల్ల నావలననే కలిగినది, నన్నే సృష్టికర్తగా కొలువుడని సభలో ప్రకటించెను. ఆ క్షణముననే అతని శిరస్సుచుట్టు వెలుగుచుండిన రాజతేజస్సు తొలగిపోయెను. సేన విడిపోయెను. జహ్హాకుడను క్రూరుడు వచ్చి రాజ్య మాక్రమించెను. నూరేండ్లు దాగి తిరిగిన జంషీద్ చీనా సముద్రతీరమున పట్టుబడి రంపముతో రెండుగా కోయబడెను. అవెస్తాలో ఈ పతనమునకు కారణము అసత్యము. తేజస్సు పక్షిరూపమున మూడుమారులు అతనిని విడిచి యెగిరిపోయెను. ఫిర్దౌసి కావ్యమున కారణము గర్వము. కాని జాగ్రత్తగా చూచినచో రెండును ఒక్కటియే. నేలను త్రొక్కినవారు, ఇనుము కాచినవారు, ఇటుక మోసినవారు వేరుగా నుండగా అంతయు నేనే చేసితిననుట గర్వమే కాదు, అసత్యము కూడ. జంషీద్ అను పేరులోని వెలుగును, ఆ వెలుగు తొలగిపోవు విధమును ఈ పురాణము ఒక్కచోటనే చెప్పినది. తరువాతి జంషీదులను కొలిచిచూచుటకు ఇంతకంటె తగిన కొలబద్ద మరియొకటి లేదు.

ఇనుమును మెత్తపరచిన కీర్తి కావ్యమున జంషీదుది. చరిత్రలో పారసీక ఖడ్గముల ఖ్యాతికి తెలుగుదేశపు లోహకారుల కూడ కారణమైరి. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము గ్రామమునకు పారసీక వర్తకులు వచ్చి, మూసలలో కరగించిన ఉక్కు దిమ్మలను కొనిపోవుచుండిరని 19వ శతాబ్దపు తొలిపాదమునాటి పరిశీలకులు వ్రాసిరి. ఆ దిమ్మలను చేసిన కమ్మరుల పేర్లు ఏ కావ్యమునను లేవు. ఇట్టిదే మరియొకటి కలదు. ఇరాను దేశమునందలి పర్సిపోలిస్ మహాసౌధములను క్రీస్తుపూర్వము 6వ శతాబ్దాంతమున కట్ట నారంభించినవాడు దరియవు చక్రవర్తి. కాలము గడచినకొలది అతనిని మరచిన ప్రజలు ఆ శిథిలములను ‘తఖ్తె జంషీద్’, అనగా జంషీద్ సింహాసనము, అని పిలువసాగిరి. నేటికిని అదే పేరు. చేయని పనికి కీర్తి వచ్చుటయు పేరు యొక్క లక్షణములలో నొకటి. 1933లో అచ్చట దొరకిన వేలకొలది మట్టిపలకలను చదువగా, వివిధ దేశములనుండి వచ్చిన పనివారికి ఎవరెవరికి ఎంతెంత ధాన్యము, ఎంతెంత ద్రాక్షమద్యము కొలిచి యిచ్చిరో ఆ లెక్కలు బయటపడినవి. రాజుల శాసనములు చెప్పని పనివారి సంగతులు ధాన్యపు లెక్కలవలన తెలిసినవి.

పురాణమును విడిచి చరిత్రలోనికి వచ్చినచో, పేరుమోసిన జంషీదులలో ఒకడు రాజు కాడు, వర్తకుడు కాడు, గణితవేత్త. గియాసుద్దీన్ జంషీద్ అల్‌కాషీ ఇరానులోని కాషాన్ పట్టణమున జన్మించి, సమర్‌ఖండులో ఉలుగ్ బేగ్ ఆస్థానమున పనిచేసి, 1429లో అచ్చటనే మరణించెను. ఉలుగ్ బేగ్ తైమూరు మనుమడు, స్వయముగా ఖగోళశాస్త్రజ్ఞుడు. 1424లో కాషీ వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని పదునారు దశాంశస్థానములవరకు సరిగా గణించెను. అంతకు కొంతకాలము ముందు కేరళదేశమున సంగమగ్రామ మాధవుడు పదునొకండు స్థానములవరకు చేరియుండెను. సముద్రమునకు ఇరువైపుల నుండి ఒకరి నొకరు ఎరుగని యిద్దరు పండితులు ఒకే నిష్పత్తిని వెదకిరి. కాషీ గణనను ఐరోపావారు దాటుటకు నూట యేబదియేండ్లకు పైగా పట్టినది. 1427లో ముగిసిన అతని ‘గణితమునకు తాళపుచెవి’ యను గ్రంథము దశాంశ భిన్నములను క్రమపద్ధతిలో బోధించినది; కట్టడములయందలి కమానులను, గుమ్మటములను కొలుచు విధము కూడ అందులో కలదు. తాపీపనివారికిని గుమాస్తాలకును పనికి వచ్చు పుస్తకమును ఆస్థానపండితుడు వ్రాయుట సామాన్యము కాదు. ఫ్రాన్సు దేశపు విద్యార్థులు త్రిభుజమునకు సంబంధించిన యొక సిద్ధాంతమును నేటికిని అల్‌కాషీ సిద్ధాంతమనియే చదువుచున్నారు. లెక్కలో అసత్యమునకు తావు లేదు. అందుచేత కాబోలు, ఈ జంషీద్ వెలుగు తొలగిపోలేదు.

కాషీ మరణించిన నూరేండ్ల పైచిలుకునకు జంషీద్ అను పేరు తెలుగుదేశపు సింహాసనమునకు వచ్చినది. కుతుబ్‌షాహీ వంశస్థాపకుడగు సుల్తాన్ కులీ ఇరానులోని హమదాను ప్రాంతమునుండి దక్కనునకు వచ్చినవాడు. పారసీక పురాణపురుషుల పేర్లు అట్టి కుటుంబములలో సహజము. 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ గోలకొండలోని మసీదులో ప్రార్థన చేయుచుండగా హతుడయ్యెను. ఈ హత్య కుమారుడైన జంషీద్ ప్రేరణచే జరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. రాజ్యమునకు హక్కుదారుడైన అన్న కుతుబుద్దీను కన్నులు తీయించి జంషీద్ సింహాసన మెక్కెను. ఫారసీలో కవిత్వము చెప్పగల చదువరి యని ఇతనికి పేరు. ఏడేండ్లు పాలించి 1550లో దీర్ఘవ్యాధితో మరణించెను. తండ్రి రక్తముతో ప్రారంభమైన ఏలుబడి తన బిడ్డకైనను నిలువలేదు. చిన్నవాడగు కుమారుడు సుభాన్ కులీ కొద్దినెలలు మాత్రమే రాజనిపించుకొనెను.

ఈ జంషీద్ వలన తెలుగు సాహిత్యమునకు ఒక మేలు కలిగినది. అయితే అది అతడు చేసినది కాదు, అతనికి భయపడి పారిపోయినవాడు చేసినది. అతని తమ్ముడు ఇబ్రహీము ప్రాణభీతితో బీదరునకును, అచ్చటినుండి విజయనగరమునకును పోయి అళియ రామరాయల యాశ్రయమున ఏడేండ్లు గడపెను. కృష్ణదేవరాయల భువనవిజయ వైభవము ఇంకను ప్రజల స్మృతిలో తాజాగా నున్న కాలమది. తెలుగు పద్యము రాజసభలో పొందు గౌరవమును ఆ యువకుడు అచ్చట చూచెను. 1550లో గోలకొండకు వచ్చి రాజైన పిమ్మట అతడు తెలుగుకవులకు మల్కిభరాముడయ్యెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికి అంకిత మిచ్చెను. అతని యధికారి అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకిత మిచ్చెను. అచ్చతెలుగు కావ్యములలో అదియే మొదటిది. ఇబ్రహీము కూడ మచ్చలేనివాడు కాడు. తనకు ఆశ్రయ మిచ్చిన రామరాయలపై 1565లో నాలుగు సుల్తానుల కూటమిలో చేరి రక్కసితంగడి యుద్ధమున పాల్గొనెను. అయినను తెలుగుజాతి అతనికొక తెలుగుపేరు పెట్టి పిలుచుకొన్నది. పారసీక పురాణములలో మహోజ్జ్వలమైన పేరు మోసిన అన్నను ఎవరును తమవానిగా చేసికొనలేదు. తండ్రి పెట్టిన పేరు వేరు, ప్రజలు పెట్టిన పేరు వేరు.

గోలకొండలో జంషీద్ నామము ఇరానునుండి వచ్చిన రాజకుటుంబముతో వచ్చినది. పశ్చిమ తీరమున అది అంతకు శతాబ్దముల ముందే పార్శీలతో వచ్చియుండెను. తమ మతమును కాపాడుకొనుటకు ఇరాను విడిచి గుజరాతు చేరిన ఆ చిన్న సమాజము పురాతన నామములను గుజరాతీ ఉచ్చారణతో నిలుపుకొన్నది. జంషీద్ జంషెట్జీ అయ్యెను. ఆ పేరిట 19వ శతాబ్దమున మొదట ప్రసిద్ధికెక్కినవాడు జంషెట్జీ జీజీభాయి. 1783లో జన్మించి, చిన్నతనముననే తల్లిదండ్రులను కోల్పోయి, బొంబాయిలో మేనమామ ప్రాపున పాతసీసాల వ్యాపారమున తర్ఫీదుపొందిన ఇతడు, పలుమారులు చీనాకు ఓడప్రయాణము చేసి దూదియు నల్లమందును అమ్మి అపారధనము గడించెను. 1805లో ఒక ప్రయాణమున ఇతడెక్కిన ఓడ ఫ్రెంచివారి చేతికి చిక్కగా బందీయై దక్షిణాఫ్రికా కొనయందలి గుడ్ హోప్ అగ్రమునకు చేరి, వట్టిచేతులతో తిరిగివచ్చెను.

ధనము వచ్చిన పిమ్మట ఇతడు దానము చేసిన తీరు ఆ కాలమున అపూర్వము. 1845లో తెరువబడిన జె. జె. ఆసుపత్రి, 1857లో వెలసిన జె. జె. చిత్రకళాశాల అతని పేరిటివి. బొంబాయి ద్వీపమును మాహిము వద్ద సాష్టీ ద్వీపముతో కలిపిన సేతువునకు ధనమిచ్చినది అతని భార్య ఆవాబాయి. బ్రిటిషు ప్రభుత్వము 1842లో సర్ బిరుదమును, 1857లో బారనెట్ బిరుదమును ఇచ్చెను. రెండవది పొందిన మొదటి భారతీయుడు ఇతడే. 1859లో మరణించెను. చీనాలో వేల కుటుంబములను కూల్చిన నల్లమందు ధనము బొంబాయిలో రోగులకు మందైనది. ఈ రెండు వాక్యములను ఒకదానిచేత నొకటి కొట్టివేయుటకు వీలులేదు. రెంటిని పక్కపక్కన నుంచుటయే చరిత్రకు ధర్మము. ఆ చిత్రకళాశాల ఫలము తెలుగుదేశమునకును అందినది. రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావు అచ్చట చదువుకొని తిరిగివచ్చి గోదావరీతీరమున ఆంధ్ర చిత్రకళకు నూతనమార్గము చూపెను. 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మరణించెను. అజ్ఞాతులైన చీనా రోగులకు ఎంత ఋణము పడియున్నదో లెక్కింపకయే అనేకులు ఆ నీడలో చదువుకొనిరి.

జీజీభాయి మరణించునాటికి ఇరువదియేండ్ల యువకుడైన మరియొక జంషెట్జీ తండ్రి వ్యాపారపు పనులలో ప్రవేశించి, చీనా వర్తకమును నేర్చుకొనుటకు హాంకాంగు ప్రయాణము కట్టియుండెను. అతడే నవసారిలో జన్మించిన జంషెట్జీ టాటా. అతనిని వేరుచేసి చూపునది కేవలము ధనార్జనము కాదు. 1877లో నాగపురమున ఎంప్రెస్ మిల్లును ప్రారంభించి, 1886లో పనివారికి పింఛను నిధిని, 1895లో పనిలో గాయపడినవారికి పరిహారమును ఏర్పరచెను. చట్టము విధింపకమునుపే చేసిన పనులివి. ఉక్కు, జలవిద్యుత్తు, విజ్ఞానవిద్య అను మూడు కార్యములు అతని యుత్తరవయస్సును ఆక్రమించుకొన్నవి. మూడింటిలో ఒక్కదానిని గూడ పూర్తియగుట చూడకయే 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్నుమూసెను. బెంగుళూరు విజ్ఞానసంస్థ 1909లో ఏర్పడెను. పట్టణము నెట్లు నిర్మింపవలెనో అతడు 1902లోనే కుమారుడగు దోరాబ్జీకి ఉత్తరము వ్రాసెను. విశాలమైన వీథులు, త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు, పచ్చికబయళ్లు, బంతియాటలకు మైదానములు, హిందువుల గుడులకును ముసల్మానుల మసీదులకును క్రైస్తవుల దేవాలయములకును తావులు ఉండవలెనని అందు కోరెను. అప్పటికి స్థలము నిశ్చయము కాలేదు, గని దొరకలేదు. పారసీక పురాణమున యిముడు చలి రాకముందే ‘వర’ను కట్టినట్లు, ఈ జంషెట్జీ కొలిమికి ముందే పట్టణమును మనస్సున కట్టుకొనెను.

కాని మనస్సునుండి నేలమీదికి వచ్చుటకు అనేకులు కావలసివచ్చిరి. 1904 ఫిబ్రవరిలో భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు మయూరభంజ సంస్థానమునందలి గురుమహిషాణి కొండలలో మేలైన ఇనుపఖనిజ మున్నదని ఉత్తరము వ్రాసెను. అమెరికా ఇంజనీరగు చార్లెస్ పేజ్ పెరిన్ నిర్మాణమునకు సలహాదారుడయ్యెను. 1907 ఆగస్టు 26న కంపెనీ యేర్పడెను. దానికి కావలసిన మూలధనమును లండను ధనికులు ఈయ వెనుకాడగా, స్వదేశీ ఉద్యమపు ఉత్సాహమున సుమారు 8,000 మంది భారతీయులు మూడు వారములలో సమకూర్చిరి. స్థలముగా నేర్పడినది కాళీమాటి స్టేషనుకు సమీపమున, రెండు నదుల నడుమనున్న సాక్చి గ్రామము. 1911 డిసెంబరులో మొదటి పోత ఇనుమును, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మయు వెలువడినవి. ఆ 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అచ్చట అమలులోనికి వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమున సాక్చి పట్టాలు ఈజిప్టుకును, ఇరానును ఆనుకొనియున్న మెసొపొటేమియాకును పోయినవి. ఈ సహాయమునకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చికి వచ్చి, ఆ స్థలమునకు జంషెడ్‌పూర్ అని పేరు పెట్టుచున్నట్లు ప్రకటించెను. కాళీమాటి స్టేషను టాటానగర్ అయ్యెను.

ఈ నామకరణమునకు కొన్ని సంవత్సరముల పిమ్మట, వేయిమైళ్లకు మించిన దూరమున, మరియొక జంషెడ్ మరియొక పట్టణమును తీర్చిదిద్దుచుండెను. అతని తండ్రి పేరు కూడ నసర్వాన్‌జీయే. 1886లో కరాచీలో జన్మించిన జంషెడ్ నసర్వాన్‌జీ మెహతా 1922 మొదలు 1933 వరకు కరాచీ పురపాలకసంఘాధ్యక్షుడుగా, తరువాత ఆ నగరమునకు తొలి మేయరుగా పనిచేసెను. అతడు ఖజానాలు కట్టినవాడు కాడు. మురుగుకాలువలు, మంచినీరు, రోడ్లు, ప్రసూతిశాలలు, ఇండ్లస్థలములు అతని వ్యవహారములు. దివ్యజ్ఞానసమాజస్థుడగుటచే మద్రాసునందలి అడయారుతో అతనికి సంబంధముండెను. దేశవిభజనమువేళ కరాచీని విడువక అచ్చటనే నిలిచి, 1952లో మరణించెను. ఆధునిక కరాచీ నిర్మాతయని ప్రజలు అతనిని పిలిచిరి. కరాచీలోని జంషెడ్ క్వార్టర్సు పేట యతని పేరు నిలుపుచున్నది. భారతదేశమున జంషెడ్‌పూరును, పాకిస్తానమున జంషెడ్ క్వార్టర్సును ఒకే ప్రాచీన నామమునకు రెండు నీడలు. సరిహద్దు రేఖ ఆ పేరును విభజింపలేకపోయినది.

ఈ జంషీదులను వరుసగా నిలిపిచూచినచో పేరునకు గుణమును ఇచ్చు శక్తి లేదని స్పష్టమగుచున్నది. ఆ శక్తియే యున్నచో గోలకొండ జంషీద్ తండ్రి మరణమునకు కారకుడు కాకుండును. పేరు మనుష్యుని తీర్చదు. మనుష్యుడే పేరును తీర్చును. కాని పురాణమున ఫిర్దౌసి చూపిన యపాయము ఉత్తముల పేర్లకు గూడ తప్పలేదు. దరియవు కట్టించినది జంషీద్ సింహాసనమైనట్లే, వేలమంది కట్టినది ఒక్కని పట్టణమైనది. టాటా అంతయు నేనే చేసితినని చెప్పినవాడు కాడు. చెప్పుటకు బ్రతికి కూడ లేడు. ఆ మాట అతని తరఫున పేరు పలుకుచున్నది. సంతాలులు, హోలు, భూమిజులు నివసించిన పల్లెలు ఆ నేలపై నుండెను. మట్టి త్రవ్వినవారు, ఇటుకలు మోసినవారు, కొలిమి సెగకు ఒడలు మాడ్చుకొన్నవారు బీహారు, బెంగాలు, ఒరిస్సా, పంజాబు, మధ్యపరగణాలనుండి వచ్చిరి. 1920, 1922, 1928 సంవత్సరములలో వారు సమ్మెలు చేసి కూలిరేట్లకును సంఘమునకును పోరాడిరి. 1925లో గాంధీమహాత్ముడును, 1928లో సుభాస్ చంద్ర బోసును ఆ కార్మికులకొరకు అచ్చటికి వచ్చిరి. పట్టణ చరిత్రలో ఇదియు భాగమే.

ఆ వచ్చినవారిలో తెలుగువారు గణనీయముగా నుండిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలనుండి బెంగాల్ నాగపూర్ రైల్వేవారి దారివెంట ఖరగ్‌పూర్ చేరి, అచ్చటినుండి సాక్చి కొలుములకు పోయినవారి సంతతి మూడవ, నాలుగవ తరములుగా అచ్చటనే యున్నది. బిష్టుపూర్ పేటలో వారు ఆంధ్రభక్త శ్రీరామమందిరమును నిలుపుకొనిరి. అన్ని మతములకు తావుండవలెనని 1902 నాటి యుత్తరమున కోరినదానికి ఆ మందిరమొక చిన్న నిదర్శనము. స్థలమునకు అనుమతి నిచ్చినవారి గొప్పతనముతోపాటు, కూలిడబ్బులో మిగిల్చి గుడి కట్టుకొన్నవారి పట్టుదలకు గూడ అది నిదర్శనము. ఇంట తెలుగు, వీథిలో హిందీ, బజారులో బెంగాలీ పలుకుచు పెరిగిన బిడ్డలకు జంషెడ్‌పూర్ యొకరి పేరు కాదు, తమ ఊరు.

పర్సిపోలిస్ శిథిలములలో మట్టిపలకలు దొరకకున్నచో, ఆ స్తంభముల నెత్తిన పనివాడు ఎంత ధాన్యము తిన్నాడో ఎవరికిని తెలియకుండెడిది. జంషెడ్‌పూర్ శిథిలము కాలేదు; దాని పనివారి మనుమలు ఇంకను సజీవులై యున్నారు. ఎవరి తాత ఏ పల్లెనుండి ఏ సంవత్సరమున ఏ బండి యెక్కెనో, ఏ కొలిమియొద్ద ఎన్నియేండ్లు నిలిచెనో చెప్పగల వృద్ధులు తెలుగిండ్లలో ఇంకను కలరు. పలకలకొరకు త్రవ్వవలసిన పని లేదు; కూర్చుండి వినవలసిన పని మాత్రమే యున్నది. రాజతేజస్సు జంషీదును విడిచినది ఇతరుల శ్రమను తనదిగా చెప్పుకొన్నందుకు. ఆ శ్రమను చేసినవారికి తిరిగి అప్పగించినచో పేరునకు మచ్చ రాదు, వెలుగు నిలుచును.

పాతపేరు కూడ పూర్తిగా పోలేదు. ఆ పట్టణమునందలి పెద్ద బజారు పేటను ప్రజలు నేటికిని సాక్చి యనియే పిలుచుచున్నారు.